సర్వేయరు వస్తే బేరం చెడుతుందా?

ప్రశ్న: ఒడిశాలోని పర్లాకిమిడి శివార్లలో ఇల్లు కట్టుకోవడానికి స్థలం చూశాం. అమ్మేవారి పట్టాలో అదంతా ఒకే ప్లాటు, 62 డెసిమళ్లు. ఆరు ముక్కలు చేసి అమ్ముతున్నారు. తూర్పు వైపు రెండున్నర గుంటలు మాకిస్తామంటున్నారు. నాలుగు రాళ్లు పాతి ఉన్నాయి. "సర్వే ఎప్పుడో అయిపోయిందండీ. మళ్లీ సర్వేయర్ని తెస్తే పక్కవాళ్లు లేనిపోని పేచీలు పెడతారు, బేరం చెడుతుంది" అంటున్నాడు బ్రోకరు. మా మామయ్యగారేమో "డబ్బిచ్చినవాడి వైపే కొలుస్తారు, ఆ ఖర్చు దండగ" అంటున్నారు. హైదరాబాదులో ఉన్న మా తమ్ముడు "రెండున్నర గుంటలంటే మూడొందల గజాలేగా, దానికి అంత రేటా?" అంటున్నాడు. మిషను ఉన్న ప్రైవేటు సర్వేయర్ని శ్రీకాకుళం నుంచి పిలిపించాలా, తహసీలు అమీనుకు (ప్రభుత్వ సర్వేయరుకు) అర్జీ పెట్టాలా? అసలు ఈ సర్వేయర్లను నమ్మవచ్చా?
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

సమాధానం: అమ్మా, ముందు మీ తమ్ముడి లెక్క తేల్చేద్దాం, అది చిన్నది. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. ఆ లెక్కన రెండున్నర గుంటలు 302 గజాల చిల్లర. ఒడిశాలో ఎకరానికి 25 గుంటలే, గుంటకు 4 డెసిమళ్లు. రెండున్నర గుంటలంటే 10 డెసిమళ్లు, 484 గజాలు. డెసిమలన్నా మన సెంటన్నా ఒకటే, 48.4 గజాలు. ఆయన తప్పు లెక్క చెప్పలేదు, వేరే రాష్ట్రం లెక్క చెప్పారు. అందుకని అగ్రిమెంటులో గుంట అన్న మాటే రానివ్వకండి. డెసిమళ్లలో రాయించి, పక్కనే చదరపు అడుగులు వేయించండి: 10 డెసిమళ్లు, 4,356 చదరపు అడుగులు.

ఇక బ్రోకరు మాట. సర్వేయరు వస్తే కొన్ని బేరాలు చెడతాయన్నది నిజమే. గట్టు జరిగిన స్థలం, పట్టాలో ఉన్నంత నేల మీద లేని స్థలం, దారి అని చూపించింది పక్కవాడి ప్లాటులో ఉన్న స్థలం, వాటా తేలని అన్నదమ్ముల స్థలం అయితే చెడుతుంది. పొలంలో ట్రైపాడు నిలబెట్టి అరగంట ఆగితే చాలు, చుట్టుపక్కల ఎవరికి ఏ అభ్యంతరం ఉన్నా నడుచుకుంటూ వచ్చేస్తారు. బ్రోకరు భయం అదే. మీకు కావలసిందీ అదే. ఆ పేచీ మీరు బయానా ఇవ్వకముందు వస్తే అమ్మేవారి తలనొప్పి, రిజిస్ట్రీ అయ్యాక వస్తే మీ తలనొప్పి. కాబట్టి కొలత బయానాకు ముందే జరగాలి. మరీ మొహమాటమైతే కొద్దిపాటి టోకెను ఇచ్చి, "కొలతలో తేడా వస్తే ఈ సొమ్ము వాపసు" అని ఒక కాగితం రాయించుకోండి.

"సర్వే అయిపోయింది" అన్న మాటను మాత్రం ఉన్నదున్నట్టు తీసుకోకండి. శివార్లలో స్థలాలు అమ్మేవాళ్లలో చాలామందికి సర్వేయరంటే ముక్కలు కోసే మనిషి. కంచె లోపల ఉన్న నేలను ఆరు భాగాలు చెయ్యమంటారు, అతను మిషను పెట్టి సెంటీమీటరు తేడా లేకుండా చేసి వెళతాడు. ఆ కంచె ఉండాల్సిన చోట ఉందా అని అతన్ని ఎవరూ అడగలేదు, అతనూ చూడలేదు. కంచె రెండు మీటర్లు తూర్పుకు జరిగి ఉంటే ఆరు ముక్కలూ రెండేసి మీటర్లు తూర్పుకు జరిగినట్టే, ఎంతో కచ్చితంగా. మీది తూర్పు కొస కాబట్టి దెబ్బ ముందు మీకే తగులుతుంది. అందుకే "సర్వే అయిందా?" అని అడగకండి. "మౌజా పటం (ఊరి రెవెన్యూ పటం) నుంచి కొలిచారా, కంచె నుంచి కొలిచారా? రిపోర్టు చూపించండి" అని అడగండి. రిపోర్టు లేదంటే సర్వే జరగనట్టే లెక్క.

మీ మామయ్యగారి మాటలోనూ సగం నిజముంది. డబ్బు పుచ్చుకుని కొలత తిప్పేవాళ్లు లేరని ఎవరూ అనరు. కానీ ఇద్దరు సర్వేయర్లు కొలిస్తే రెండు రకాలుగా రావడానికి ప్రతిసారీ లంచమే కారణం కాదు. ఎక్కువసార్లు కారణం పటంలోనే ఉంటుంది. ఇది అర్థమైతే ఎవరిని నమ్మాలో మీకే తెలుస్తుంది, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం.

ఆంధ్ర వైపు పొలానికి కొలతల పుస్తకం, అంటే ఎఫ్‌ఎంబీ ఉంటుంది. అందులో ఏ గీత పొడవు ఎంతో అంకెల్లో రాసి ఉంటుంది. ఒడిశా మౌజా పటంలో అలా ఉండదు. ప్లాటు ఆకారం, నంబరు, పటం అంచున స్కేలు, అంతే. పొడవులు పటం మీద కొలిచి తీసుకోవాలి. పాత గ్రామ పటాలు ఎక్కువగా మైలుకు 16 అంగుళాల స్కేలులో, అంటే 1:3960లో గీసినవి. ఆ పటం మీద 1 మిల్లీమీటరు నేల మీద 3.96 మీటర్లు. పావు మిల్లీమీటరు మందం ఉన్న ఇంకు గీత నేల మీద ఒక మీటరు. 62 డెసిమళ్ల ప్లాటు పటంలో ఇంచుమించు 12.6 మిల్లీమీటర్ల చదరం. మీ 10 డెసిమళ్లు 5 మిల్లీమీటర్ల చదరం, చిటికెన వేలి గోరు పెడితే కనిపించదు. గీతకు లోపలి అంచు నుంచి ఒకరు, బయటి అంచు నుంచి ఇంకొకరు కొలిస్తేనే మీటరు తేడా. ఇరవై మీటర్ల పక్కన మీటరు తేడా అంటే 20 చదరపు మీటర్లు, అంటే అర డెసిమలు. ఇందులో ఎవరి మోసమూ లేదు.

దీనికి తోడు జిరాక్సు. మూడోసారో నాలుగోసారో తీసిన జిరాక్సు పటం ఒక శాతం సాగినా, 300 మీటర్ల దూరంలో ఉన్న గుర్తు నుంచి కొలిచేసరికి 3 మీటర్లు తేడా వస్తుంది. అందుకే తహసీలు నుంచి సర్టిఫైడు కాపీ తీసుకోవాలి. సర్వేయరు ముందుగా పటం అంచున ఉన్న స్కేలు బద్దను అడుగుబద్దతో సరిచూసుకోవాలి. పటం తీసిన వెంటనే స్కేలు బద్ద కొలిచాడంటే పని తెలిసినవాడని సగం నమ్మవచ్చు.

మిషను మీద జనానికున్న గురి గురించి కూడా చెప్పాలి. ట్రైపాడు మీద పెట్టే టోటల్ స్టేషను మిల్లీమీటర్లలో కొలుస్తుంది, ఉపగ్రహాల సాయంతో పనిచేసే ఆర్‌టీకే డీజీపీఎస్ సెంటీమీటర్లలో చెబుతుంది. అది నిజం. కానీ అవి చెప్పేది రెండు బిందువుల మధ్య దూరం. ఆ రాయి అక్కడే ఉండాలా అన్నది ఏ మిషనూ చెప్పదు. మొదలుపెట్టిన గుర్తు తప్పైతే మిషను ఆ తప్పును మిల్లీమీటరు తేడా లేకుండా నాలుగు మూలలకూ మోసుకెళుతుంది. అదే టేపు పట్టుకున్న పాత అమీను సరైన గుర్తు నుంచి మొదలుపెడితే ఒకటి రెండు అడుగుల తేడాలో దగ్గరకు వచ్చేస్తాడు. ఫోనులో యాప్ పెట్టుకుని ప్లాటు చుట్టూ నడిచే పద్ధతి ఈమధ్య బాగా పెరిగింది. బయలులోనే ఫోను జీపీఎస్ మూడు నుంచి ఐదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, చెట్ల కింద ఇంకా ఎక్కువ. ఇరవై మీటర్ల స్థలానికి దాంతో హద్దులు చూడటం అయ్యే పని కాదు. భూనక్ష (ప్రభుత్వ ఆన్‌లైను) పటాన్ని ఉపగ్రహ చిత్రం మీద పరిచి చూసేదీ అంతే. ప్లాటు ఏ వీధిలో, ఏ పక్కన ఉందో తెలుసుకోవడానికి పనికొస్తుంది, గోడ కట్టడానికి కాదు.

కాబట్టి మంచి సర్వే అంటే మంచి ఆధార గుర్తులే. మూడు మౌజాల సరిహద్దులు కలిసేచోట ఉన్న రాయి అన్నిటికన్నా మేలు. అది దొరక్కపోతే పటంలో గీసి ఉండి, నేల మీద కదలనివి కావాలి: పాత బావి, గుడి మూల, చెరువు గట్టు మలుపు, పాత దారులు కలిసిన చోటు. కనీసం మూడు, వీలైతే నాలుగైదు. అన్నీ ఒక పక్కనే కాకుండా మీ ప్లాటుకు నాలుగు వైపులా ఉండాలి. వాటి మధ్య దూరాలను పటం మీదా నేల మీదా పోల్చాలి. పటంలో రెండు గుర్తుల మధ్య 30 మిల్లీమీటర్లు ఉంటే నేల మీద 118.8 మీటర్లు రావాలి. 119.5 వస్తే ఫరవాలేదు. 125 వస్తే ఆ రెండింట్లో ఏదో ఒకటి జరిగింది, లేదా అసలు ఆ గుర్తే కాదు, దాన్ని వదిలేసి ఇంకోటి పట్టాలి. ఈ పోలిక పట్టిక రిపోర్టులో ఉండాలని ముందే చెప్పండి. ప్రైవేటు సర్వేయర్ని నమ్మాలా వద్దా అన్నదానికి ఇంతకన్నా మంచి పరీక్ష లేదు. డబ్బు తీసుకుని హద్దు జరిపినవాడు ఆ పట్టిక ఇవ్వలేడు, ఇస్తే అందులోనే దొరికిపోతాడు.

రోడ్డు అంచును, కరెంటు స్తంభాన్ని, పక్కింటి ప్రహరీని ఆధారంగా పట్టుకుంటే ఒప్పుకోకండి. రోడ్లు వెడల్పవుతాయి, ప్రహరీలు ఎవరికి తోచినచోట వాళ్లు కడతారు. మహేంద్రతనయ ఒడ్డు ప్లాట్లయితే నది గట్టును అసలే పట్టుకోకూడదు, ఏటి ఒడ్డు కోసుకుపోతుంది.

ఇంకొకటి, మీ ముక్కను ఒక్కదాన్నే కొలిపించి లాభం లేదు. 62 డెసిమళ్ల ప్లాటు మొత్తాన్నీ, దాన్ని ఆనుకున్న ప్లాట్ల హద్దులనూ కలిపి కొలవాలి. మొత్తం 62కు 59 వచ్చిందనుకోండి, ఆ మూడు డెసిమళ్లు ఎటు పోయాయి? పక్కవాడి గట్టులోకా, దారిలోకా? మీ ఒక్క ముక్కే కొలిస్తే లెక్కకు సరిగ్గా 10 వస్తుంది, లోటు చివరి ముక్క కొన్నవాళ్ల నెత్తిన పడుతుంది. వాళ్లు మీ వైపు నుంచే జరుపుకుంటూ వస్తారు. పాత పటాల మీద ఒకటి రెండు శాతం తేడా మామూలే, 62కు డెసిమలు అటూ ఇటూ అయితే గాభరా పడక్కర్లేదు. అంతకు మించితే ఎందుకో తేలాకే ముందుకు వెళ్లండి. ఏదెలా ఉన్నా ధర మాత్రం పట్టాలో ఉన్న విస్తీర్ణం, కొలిచిన విస్తీర్ణం, రెండింట్లో ఏది తక్కువైతే దానికే కట్టండి.

అమీనా, ప్రైవేటా అన్నారు. ఇద్దరి పని ఒకటి కాదు. తహసీలు అమీను కొలత తహసీల్దారు ఉత్తర్వు మీద జరుగుతుంది. పక్క ప్లాట్ల వాళ్లకు నోటీసులు వెళతాయి, రిపోర్టు, స్కెచ్చు ఫైలులో ఉంటాయి. రేపు పక్కవాడు రాయి పీకితే చూపించడానికి పనికొచ్చే కాగితం అదే. ప్రైవేటు సర్వేయరు త్వరగా వస్తాడు, నాణ్యంగా కొలుస్తాడు, మీకు ఉన్న సంగతి చెబుతాడు, కానీ అతను పాతిన రాయిని ఒప్పుకోవాలని పక్కవాడికి ఏ కట్టుబాటూ లేదు. ఈ ఇద్దరిలో ఎవరూ ఆ స్థలం ఎవరిదో తేల్చలేరు. అది సివిల్ కోర్టు పని. పట్టా, అంటే ఆర్‌ఓఆర్, కూడా హక్కును పుట్టించదు, తప్పని రుజువయ్యేదాకా సరైనదని భావించే రికార్డు మాత్రమే. కొనేవాళ్లలో చాలామంది సర్వేయరు రాయి పాతాడంటే భూమి తమదైపోయిందనుకుంటారు. అమ్మేవాళ్లలో కొందరు ఆ నమ్మకాన్నే వాడుకుంటారు. బ్యాంకు లోను పెట్టుకున్నవాళ్లు ఇంకో పొరపాటు పడతారు. బ్యాంకు పంపిన వాల్యూయరు వచ్చి చూసి వెళ్లాడు కదా, కొలత కూడా అయినట్టే అనుకుంటారు. వాల్యూయరు ధర కడతాడు, లాయరు హక్కు పత్రాలు చూస్తాడు, హద్దు చూడమని వాళ్లిద్దరికీ ఎవరూ చెప్పలేదు.

మీ విషయంలో మా సలహా: ముందు ప్రైవేటు సర్వేయరు, అది కూడా మీ ఖర్చుతో. పెద్ద తేడా లేదంటే, మొత్తం ప్లాటుకు డిమార్కేషన్ (హద్దుల నిర్ధారణ) చేయించమని అమ్మేవారినే తహసీల్దారుకు అర్జీ పెట్టమనండి. రికార్డులో పేరున్నది వాళ్లకు, మీకు కాదు. కాబట్టి అడగాల్సిందీ వాళ్లే. ఫీజు తహసీలులో కట్టి రసీదు తీసుకోవాలి, చేతికి ఇవ్వకూడదు. అమ్మేవారు అర్జీ పెట్టనంటే ఎందుకు పెట్టనంటున్నారో ఆలోచించండి. కాలం కూడా చూసుకోవాలి. చుట్టూ వరిమళ్లుంటే జూన్ నుంచి కోతల దాకా నీళ్లలో రాయి కనపడదు, కొలత గొలుసు లాగడానికి ఉండదు. డిసెంబరు నుంచి మే దాకా కొలతలకు అనువైన కాలం. అందరూ అప్పుడే అర్జీలు పెడతారు కాబట్టి కాస్త ముందే పెట్టించండి.

ప్రైవేటు సర్వేయర్ని ఎంచుకోవడంలో ఒకే సూత్రం: బ్రోకరు తెచ్చిన మనిషి బ్రోకరు మనిషే. మీరు వెతుక్కోండి, మీరే డబ్బివ్వండి, సగం కొలత రోజున, సగం సంతకం పెట్టిన రిపోర్టు చేతికొచ్చాక. ఫోనులోనే "ఏ గుర్తుల నుంచి మొదలుపెడతారు? సాబిక్ పటం (పాత సర్వే నాటిది) కూడా చూస్తారా?" అని అడగండి. "అవన్నీ ఎందుకండీ, రాళ్లున్నాయిగా" అంటే ఫోను పెట్టేయండి. కొలత మొదలుపెట్టకముందే గొంతు తగ్గించి "ఎంత రావాలండీ?" అని అడిగేవాళ్లు ఉంటారు. ఆ మనిషికి టీ ఇప్పించి పంపేయండి.

శ్రీకాకుళం నుంచి పిలిపించడంలో తప్పు లేదు, అక్కడి నుంచి మంచి పనివాళ్లు వస్తున్నారు. మూడు విషయాలు మాత్రం చూసుకోండి. ఒకటి, అతను ఎఫ్‌ఎంబీకి అలవాటు పడిన మనిషి, కొలతలు లేని పటం మీద పనిచేసిన అనుభవం ఉందో లేదో అడగండి. రెండు, రికార్డులు ఒడియాలో ఉంటాయి. ఒడియా 4 అంకె అలవాటు లేని కంటికి 8లా కనిపిస్తుంది. ప్లాటు నంబరు ఒక్క అంకె తప్పు చదివితే పక్క వీధిలో కొలిచి వస్తారు. ఒడియా చదివే మనిషిని పక్కన ఉంచండి. మూడు, డీజీపీఎస్ వాడితే జోను, అంటే కోఆర్డినేట్ల లెక్క కోసం యూటీఎం పద్ధతిలో భూమిని నిలువుగా విడగొట్టిన పట్టీల్లో ఏదన్నది. 84 డిగ్రీల తూర్పు రేఖాంశం పర్లాకిమిడికి కాస్త పడమరగా పోతుంది. శ్రీకాకుళం, గుణుపురం, రాయగడ యూటీఎం 44వ జోనులో పడితే, పర్లాకిమిడి, బరంపురం 45లో పడతాయి. మిషను 44లోనే ఉంచి కొలిచి, రిపోర్టులో జోను రాయకపోతే, పదేళ్ల తర్వాత ఆ అంకెలు పట్టుకుని రాయి వెతికేవాడికి చుక్కలు కనిపిస్తాయి. జోను అంచున ఇంకో చిన్న చిక్కు: గ్రిడ్ దూరం (కోఆర్డినేట్ల నుంచి లెక్కగట్టినది) నేల దూరం కన్నా 100 మీటర్లకు 8 సెంటీమీటర్ల దాకా ఎక్కువ చూపిస్తుంది. మీ స్థలానికి అది లెక్కలోది కాదు కానీ ఎకరాల్లో లేఅవుట్లు వేసేవాళ్లు పట్టించుకోవాలి.

సర్వేయరు చేతికి ఇవ్వాల్సిన కాగితాలు: భూలేఖ్ (ఒడిశా భూరికార్డుల వెబ్‌సైటు) నుంచి తీసిన ఆర్‌ఓఆర్, పటం సర్టిఫైడు కాపీ, సాబిక్ ఆర్‌ఓఆర్, సాబిక్ పటం, లింకు దస్తావేజులు (ఈ స్థలం పాత అమ్మకాల పత్రాలు). సాబిక్ అంటే భూములు సర్వే చేసి రికార్డులు రాసిన గత సెటిల్‌మెంటు నాటి నంబరు, హాల్ అంటే ఇప్పటిది. పాత దస్తావేజు సాబిక్ నంబరుతో ఉంటుంది. అది ఇప్పుడు ఏ హాల్ ప్లాటు అయిందో, ఒకటే అయిందో రెండుగా చీలిందో సరిచూడాలి. ఈ ప్రాంతంలో ఇంకా పాతవి, 1936 ఏప్రిల్ 1కి ముందు మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నాటి తెలుగు దస్తావేజులు కూడా బయటికి వస్తుంటాయి. వాటిలో పొడవులు లింకుల్లో ఉంటాయి. లింకంటే అడుగు కాదు, 7.92 అంగుళాలు. 100 లింకులు ఒక గొలుసు, 66 అడుగులు. 150 లింకులని రాసి ఉంటే 99 అడుగులే. దాన్ని 150 అడుగులని చదివి కోర్టుకెక్కితే ఏళ్లు గడిచిపోతాయి, లెక్క తేలదు.

ఆ గొలుసు మీకూ ఒక విధంగా పనికొస్తుంది. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న చదరం, అంటే 66 అడుగులకు 66 అడుగులు, సరిగ్గా 10 డెసిమళ్లు. మీకు చూపించిన ముక్క చదరంగా ఉంటే ఇద్దరు మనుషులు, 100 అడుగుల టేపు, అరగంట చాలు. నాలుగు పక్కలతో ఆగకండి, రెండు కర్ణాలూ కొలవండి, టేపు చాలకపోతే మధ్యలో మేకు కొట్టుకుని రెండు విడతలుగా. రెండూ 93 అడుగుల 4 అంగుళాల దగ్గర రావాలి. నాలుగు పక్కలూ 66 అడుగులే ఉండి ఒక కర్ణం 80, ఇంకోటి 105 వచ్చిందంటే స్థలం పక్కకు వాలి ఉంది, విస్తీర్ణం 4,200 చదరపు అడుగులే. పక్కలు మాత్రమే చూపించి అమ్మితే 156 చదరపు అడుగులు మీకు తెలియకుండానే పోతాయి. ఇది సర్వేకు బదులు కాదు, సర్వేయర్ని పిలవకముందు చేసుకునే పరీక్ష.

కొలత రోజున పక్క ప్లాట్ల వాళ్లను రమ్మనండి, ముందురోజే ఇంటికి వెళ్లి చెప్పండి. అయ్యాక ఒక కాగితం మీద హాజరైనవాళ్ల సంతకాలు తీసుకోండి, ఎవరైనా పెట్టనంటే ఆ సంగతి రాయించండి. రాయి మూడడుగులది తీసుకుని రెండడుగులు భూమిలోకి దింపాలి. పైపైన పాతిన రాయి ట్రాక్టరు చక్రం తగిలితే లేచిపోతుంది. రిపోర్టులో పటం షీటు నంబరు, వాడిన గుర్తులు, పోలిక పట్టిక, ప్రతి మూల కోఆర్డినేట్లు, మూల నుంచి మూలకు దూరాలు, కర్ణాలు, పట్టాతో తేడా, ఆక్రమణ ఉంటే ఎటు ఎంత, తేదీ, సంతకం ఉండాలి. నాలుగు అంకెలు వేసిన స్కెచ్చు ఒకటి ఇచ్చి రిపోర్టని చెబితే మిగతా సగం డబ్బు ఇవ్వకండి.

సర్వేయరు చూడనివి కొన్ని ఉన్నాయి, వాటిని లాయరుతో చూపించండి. కిస్సం (రికార్డులో రాసిన భూమి రకం) శారదో తైలమో అయితే అది వ్యవసాయ భూమి. ఇల్లు కట్టాలంటే ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ కింద మార్పిడి కావాలి. ఘరబారి (ఇంటి స్థలం) అని ఉంటే నయం. గోచర్, రఖిత్, సర్వసాధారణ అని కనిపిస్తే అటువైపు చూడకండి, అవి ప్రభుత్వ, ఉమ్మడి భూములు. అమ్మేవారు ఎస్సీ లేదా ఎస్టీ అయి, కొనేవారు కాకపోతే అదే చట్టం 22వ సెక్షను కింద అనుమతి లేకుండా అమ్మకం చెల్లదు. షెడ్యూలు ఏరియాలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు అసలే వెళ్లదు, 1956 నాటి రెగ్యులేషన్ 2 అడ్డం. రాయగడ, కోరాపుట్ జిల్లాలు మొత్తం, గజపతిలో ఆర్.ఉదయగిరి వైపు, గుమ్మ, రాయగడ బ్లాకులు షెడ్యూలు ఏరియానే. (గజపతిలోని రాయగడ బ్లాకు వేరు, రాయగడ పట్టణం వేరు. ఫోనులో మాట్లాడుకునేటప్పుడు ఏ రాయగడో అడిగి తెలుసుకోండి.) ఇలాంటి చోట్ల ఎన్ని రాళ్లు పాతించినా కొంప మునుగుతుంది. 62 డెసిమళ్లు 500 చదరపు మీటర్లు దాటిన స్థలం, దాన్ని ముక్కలు చేసి అమ్ముతున్నారు కాబట్టి లేఅవుట్ అనుమతి, రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషను సంగతి కూడా రాతపూర్వకంగా అడగండి. దారి పటంలో రాస్తా కిస్సంగా ఉన్న ప్రభుత్వ ప్లాటా, అమ్మేవారి సొంత నేలలో వదిలిందా? సొంత నేలైతే మీకు నడిచే హక్కు, వెడల్పుతో సహా, దస్తావేజులో రావాలి.

దస్తావేజులో "62లో తూర్పు వైపు 10 డెసిమళ్లు" అని రాసి వదిలేయనివ్వకండి. తూర్పు వైపు అంటే ఎక్కడి నుంచి ఎక్కడిదాకా? నాలుగు పక్కల పొడవులు, కర్ణాలు, చెక్కుబందీ (ఇటు చౌహద్ది అంటారు) రాయించి, సర్వేయరు స్కెచ్చు జతచేసి ఇరుపక్షాలూ దాని మీద సంతకం పెట్టాలి. రిజిస్ట్రీ అయిన వెంటనే రికార్డులో పేరు మార్పుకు, అంటే మ్యూటేషన్‌కు పెట్టండి. ముక్క ప్లాటుకు బటా నంబరు వస్తుంది. అసలు ప్లాటు 214 అయితే మీది 214/1123 లాగా, కింది సంఖ్య ఆ మౌజాలో వరసలో వచ్చే కొత్త నంబరు. కొత్త ఆర్‌ఓఆర్ చేతికి రాగానే అందరూ పనైపోయిందనుకుంటారు. చాలాసార్లు రికార్డులో నంబరు పడుతుంది, పటంలో గీత పడదు. అప్పుడు మీకు పట్టా ఉంటుంది కానీ మీ 10 డెసిమళ్లు ఎక్కడున్నాయో ప్రభుత్వ పటం చెప్పదు, తర్వాత ముక్క కొన్నవాళ్లు తమదే తూర్పు కొస అనవచ్చు. మ్యూటేషన్ అయిన నెలలోపే కొత్త బటా నంబరుతో పటం సర్టిఫైడు కాపీకి దరఖాస్తు పెట్టి, మీ గీత పడిందా, స్కెచ్చులో ఉన్న చోటే పడిందా చూసుకోండి. పడకపోతే అదే ఫైలు నంబరు వేసి తహసీల్దారుకు అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి. కొలిచిన అమీను బదిలీ కాకముందే ఆ పని జరిగేలా చూసుకోండి.